జీతం బకాయి, ఓటీ (ఓవర్‌టైమ్) డబ్బు చట్టప్రకారం రాబట్టుకోవడం ఎలా?

జీతం నిలిచిపోయిన కార్మికుడు మొదట చేసే పని యజమాని చుట్టూ తిరగడం. "బిల్లు పాస్ కాగానే ఇస్తాను", "పండగ వెళ్లనీ", "సోమవారం కనపడు" అన్న మాటల మీద మూడు నెలలు, ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. కాళ్లరిగాక, ఇక లాభం లేదనుకుని కార్మిక శాఖ కార్యాలయం మెట్లెక్కేసరికి చేతిలో ఒక్క కాగితమూ ఉండదు. కొన్నేళ్లుగా ఇలాంటి అర్జీలు రాసిపెడుతున్న అనుభవంతో చెబుతున్నాను: ఈ కేసులు చట్టం చాలక ఓడిపోవడం తక్కువ. అక్కడ పనిచేశానని చూపలేక, చదవని కాగితం మీద సంతకం పెట్టి, గడువు దాటించుకుని ఓడిపోవడమే ఎక్కువ. అందువల్ల కింద చెప్పే మెట్లలో రుజువులు, లెక్క అన్న రెండింటికీ ఎక్కువ చోటిచ్చాను. మిగిలినవి వాటి వెనకే నడుస్తాయి.

ముందు తెలుసుకోవలసిన నాలుగు చట్ట సంగతులు

2025 నవంబరు 21 నుంచి దేశమంతటా వేతనాల కోడ్, 2019 అమల్లోకి వచ్చింది. అంతకుముందున్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం, బోనస్ చట్టం, సమాన వేతన చట్టం ఇందులో కలిసిపోయాయి. పాత వేతనాల చెల్లింపు చట్టం నెలకు 24,000 రూపాయల లోపు జీతం ఉన్నవారికే వర్తించేది. కొత్త కోడ్‌లో ఆ గీత లేదు. సూపర్‌వైజరైనా, మేనేజరైనా, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయినా జీతం ఎగ్గొడితే ఇదే తలుపు తట్టవచ్చు.

నెల జీతం మరుసటి నెల 7వ తేదీ దాటకుండా ఇవ్వాలి. రోజుకూలీ అయితే ఆ రోజు పని ముగిసేసరికి, వారం కూలీ అయితే వారాంతపు సెలవుకు ముందు ఇవ్వాలి. మీరు రాజీనామా చేసినా, వారే తీసేసినా, సంస్థ మూతపడినా, రావలసిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. "ఫుల్ అండ్ ఫైనల్ 45 రోజుల తర్వాత" అని మెయిల్ పెట్టే కంపెనీలకు ఈ ఒక్క నిబంధనను, అంటే కోడ్‌లోని 17వ సెక్షన్‌ను, తిరుగు మెయిల్‌లో గుర్తుచేస్తే చాలు, కొన్నిసార్లు అక్కడితోనే పని అయిపోతుంది.

జీతంలో కోతలన్నీ కలిపి ఆ నెల వేతనంలో సగం మించకూడదు. జరిమానా పేరుతో కోసేది 3 శాతం దాటకూడదు, అదీ మీ వివరణ విన్న తర్వాతే. సామాను పోయిందనో పాడైందనో కోయాలన్నా ముందు మీ మాట వినాలి. రాని రోజుకు జీతం కోయవచ్చు గానీ, పది నిమిషాలు ఆలస్యమైనందుకు పూర్తి రోజు జీతం లాగేసుకునే అలవాటుకు చట్టంలో ఆధారం లేదు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యమైనది. కోడ్‌లోని 59వ సెక్షన్ ప్రకారం, జీతం ఇవ్వలేదనో తక్కువ ఇచ్చారనో మీరు క్లెయిమ్ వేస్తే, ఇచ్చానని రుజువు చేసుకోవలసిన భారం యజమానిదే. మీరు చూపవలసింది అక్కడ పనిచేశారని, ఎన్ని గంటలు పనిచేశారని. డబ్బు ముట్టలేదన్నది మీరు నిరూపించనక్కర్లేదు. ముట్టిందన్నది ఆయన నిరూపించాలి.

మొదటి మెట్టు: ఎవరి మీద, ఏ కార్యాలయంలో

మీకు జీతం ఇవ్వవలసింది ఎవరో కాగితం మీద తేల్చుకోండి. గేటు బయట బోర్డు ఒక పేరుతో ఉంటుంది, ఐడీ కార్డు మీద ఏజెన్సీ పేరు ఉంటుంది, బ్యాంకులో జీతం మూడో పేరుతో పడుతుంది. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జమ పక్కన ఉన్న పేరు, పీఎఫ్ పాస్‌బుక్‌లో సంస్థ పేరు రెండూ రాసుకోండి. కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నట్లయితే అర్జీలో కాంట్రాక్టరుతో పాటు, పని ఎవరి ఆవరణలో, ఎవరి కోసం జరిగిందో ఆ సంస్థను కూడా ప్రతివాదిగా చేర్చండి. కాంట్రాక్టరు చెల్లించకపోతే సంస్థ యజమానిపై బాధ్యత పడుతుందని 43వ సెక్షన్ చెబుతోంది. మేస్త్రీ ఫోన్ స్విచ్ఛాఫ్ చేసుకుని ఊరు దాటినా భవనం మాత్రం ఎక్కడికీ పోదు కదా!

తర్వాత తేల్చుకోవలసింది కేంద్రమా, రాష్ట్రమా అన్నది. రైల్వే, బ్యాంకులు, బీమా సంస్థలు, గనులు, పెద్ద ఓడరేవులు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు కేంద్రం పరిధిలోకి వస్తాయి. అంటే సింగరేణి గనుల్లోనో, విశాఖ పోర్టులోనో, ఉక్కు కర్మాగారంలోనో కాంట్రాక్టు కార్మికులుగా ఉన్నవారు కేంద్ర కార్మిక కమిషనర్ యంత్రాంగాన్ని ఆశ్రయించాలి. వారి ఫిర్యాదులకు సమాధాన్ అనే ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. మిగిలిన ఫ్యాక్టరీలు, దుకాణాలు, ప్రైవేటు ఆసుపత్రులు, బడులు, హోటళ్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు, అపార్ట్‌మెంట్లు రాష్ట్ర కార్మిక శాఖ పరిధిలో ఉంటాయి. దగ్గరలో అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్, ఆయన పైన సహాయ కార్మిక కమిషనర్ ఉంటారు. హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దగ్గరి అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌కు వెళ్తే మీ ప్రాంతం ఏ అధికారి కిందికి వస్తుందో చెబుతారు. తప్పు కార్యాలయంలో అర్జీ ఇస్తే కొట్టివేయరు గానీ, అది అక్కడి నుంచి ఇక్కడికి కదిలేలోగా నెలలు పోతాయి.

రెండో మెట్టు: రుజువులు, ఉద్యోగంలో ఉండగానే

ఉద్యోగం మానేశాక రుజువులు పోగేయడం చాలా కష్టం. కంపెనీ మెయిల్ మూసేస్తారు, హాజరు యాప్‌లోంచి పేరు తీసేస్తారు, వాట్సాప్ గ్రూపులోంచి తప్పిస్తారు. కాబట్టి రెండో నెల జీతం ఆలస్యమైన రోజే ఈ పని మొదలుపెట్టండి.

నియామక పత్రం ఉంటే మంచిదే. అది ఇవ్వడం ఇప్పుడు యజమాని బాధ్యత, జీతం స్లిప్పు ఇవ్వడమూ అంతే. కానీ బకాయి పెట్టే చోట ఇవి రెండూ సాధారణంగా దొరకవు. అప్పుడు ఐడీ కార్డు, యూనిఫామ్‌లో పనిచోట తీసుకున్న ఫొటో, జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్, యూఏఎన్ నంబరుతో తెరిచే పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ కార్డు పనికొస్తాయి. రేపటి డ్యూటీ ఎవరిదో చెబుతూ సూపర్‌వైజరు పెట్టిన వాట్సాప్ సందేశం కూడా బలమైన సాక్ష్యమే. స్క్రీన్‌షాట్ తీసి ఊరుకోకుండా మొత్తం చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మీ సొంత మెయిల్‌కు పంపుకోండి. అసలు ఫోన్‌ను మార్చకండి, అమ్మకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతచేయవలసి వస్తుంది, అప్పుడు ఆ ఫోన్ అవసరమవుతుంది.

గంటల లెక్కకు ఇంతకన్నా సాదా వస్తువు చాలు. ఒక అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ తన గది గోడ మీది క్యాలెండర్‌ను చుట్టచుట్టి సంచీలో పెట్టుకుని తెచ్చాడు. ప్రతి తేదీ గడిలో కుడిపక్క పాల ప్యాకెట్ల లెక్క భార్య రాసింది, ఎడమపక్క డ్యూటీ ఎక్కిన వేళ, దిగిన వేళ అతను రాసుకున్నాడు. ఊరెళ్లిన నాలుగు రోజుల గడుల్లో అడ్డగీతలున్నాయి. ఆ అడ్డగీతలే అతనికి మేలు చేశాయి. తనకు వ్యతిరేకంగా ఉన్న రోజులను కూడా దాచకుండా రాసుకున్నవాడి లెక్కను అధికారి నమ్ముతాడు. ఏడాది పొడవునా ఒక్క సెలవూ లేకుండా, ఒకే పెన్నుతో, ఒకే పూటలో రాసినట్టున్న నోటుపుస్తకాన్ని ఎవరూ నమ్మరు. మీరూ అలాగే ఏ రోజుది ఆ రోజు రాసుకోండి. వీలైతే వారానికోసారి ఆ పేజీని ఫొటో తీసి ఎవరికైనా పంపండి, తేదీ దానంతటదే నమోదవుతుంది.

నగదుగా జీతం తీసుకునేవారు మరో జాగ్రత్త పడాలి. వోచర్ మీద అంకె వేయకుండా సంతకం అడిగితే పెట్టవద్దు. తప్పనిసరి అయితే అందిన మొత్తాన్ని మీ చేతిరాతతో అక్షరాల్లో రాసి, తేదీ వేసి, దాని కింద సంతకం చేయండి.

మూడో మెట్టు: లెక్క కట్టడం

"నాకు చాలా రావాలి సార్" అన్న మాటతో ఏ అర్జీ నిలవదు. నెల, రావలసింది, ముట్టింది, మిగిలింది అని నాలుగు నిలువు వరుసల పట్టిక వేయండి. మీరు తీసుకున్న అడ్వాన్సు ఉంటే మీరే ముందుగా మినహాయించి చూపండి. దాచిపెడితే ఎదుటివారు బయటపెడతారు, అప్పుడు మిగిలిన లెక్క మీద కూడా అనుమానం వస్తుంది.

మొదట మీ జీతం కనీస వేతనానికి తగ్గిందా అన్నది చూసుకోండి. రెండు రాష్ట్రాల్లోనూ కార్మిక శాఖ పరిశ్రమ వారీగా కనీస వేతనాలను ప్రకటిస్తుంది. ధరల సూచికతో ముడిపడిన కరవు భత్యం ఏప్రిల్ 1న, అక్టోబరు 1న మారుతుంటుంది. మీ పని, మీ నైపుణ్య శ్రేణి, ఆ ఆరు నెలల రేటు తీసుకుని పోల్చండి. ఒప్పుకున్న జీతమే కనీస వేతనం కన్నా తక్కువైతే ఆ తేడా కూడా బకాయే. "నువ్వు ఒప్పుకునే చేరావుగా" అన్న జవాబు చెల్లదు, ఎందుకంటే చట్టం ఇచ్చిన హక్కును వదులుకునే ఒప్పందం చెల్లదని కోడ్‌లోనే ఉంది. 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లి, కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనని చెప్పింది.

ఇక ఓటీ. అదనపు గంటకు మామూలు గంట రేటుకు రెట్టింపు ఇవ్వాలి. నెల జీతాన్ని 26తో భాగిస్తే రోజు రేటు, దాన్ని 8తో భాగిస్తే గంట రేటు వస్తుంది. ఒక సెక్యూరిటీ గార్డు జీతం 18,000 రూపాయలు, డ్యూటీ 12 గంటలు, నెలకు 26 రోజులు అనుకుందాం. రోజు రేటు 692 రూపాయల 31 పైసలు, గంటకు 86 రూపాయల 54 పైసలు, రెట్టింపు 173 రూపాయల 8 పైసలు. రోజుకు 4 గంటల చొప్పున 26 రోజులకు 104 అదనపు గంటలు. గుణిస్తే సరిగ్గా 18,000 వస్తుంది. అంటే 12 గంటల డ్యూటీకి ఒకే జీతం తీసుకుంటున్న గార్డుకు ప్రతి నెలా ఇంకో పూర్తి జీతం బాకీ పడుతోందన్నమాట. ఏ నగరంలోనైనా ఏటీఎం ముందు, గేటెడ్ కమ్యూనిటీ గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న మనిషిని అడిగి చూడండి, ఈ లెక్క అతనికి ఎవరూ చెప్పి ఉండరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో వాణిజ్య సంస్థలకు, ఆంధ్రప్రదేశ్ అదే ఏడాది చట్ట సవరణల ద్వారా, రోజు పని పరిమితిని 10 గంటల దాకా పెంచాయి. దాన్ని పట్టుకుని "ఇప్పుడు పది గంటల చట్టం వచ్చింది, ఓటీ లేదు" అని చెప్పే యజమానులు తయారయ్యారు. వారానికి 48 గంటల గీత మాత్రం మారలేదు. రోజుకు 10 గంటల చొప్పున ఆరు రోజులు చేస్తే 60 గంటలు అవుతాయి. అందులో 12 గంటలు ఓటీయే, రెట్టింపు రేటే. కాబట్టి రోజు లెక్కతో పాటు వారం లెక్క కూడా వేసి, రెండింటినీ అర్జీకి జతచేయండి. మేనేజరు స్థాయి వారికి, నిర్ణీత జీతం దాటిన సూపర్‌వైజర్లకు ఓటీ నిబంధనలు వర్తించకపోవచ్చు. అయితే హోదా పేరును కాకుండా చేసే పనిని చూస్తారు. "ఫ్లోర్ మేనేజర్" అని కార్డు ఇచ్చి గల్లాలో కూర్చోబెట్టి సరుకు సర్దిస్తున్నట్లయితే ఆ సంగతి వివరంగా రాయండి.

నాలుగో మెట్టు: రాతపూర్వకంగా అడగడం

క్లెయిమ్ వేయడానికి ముందు నోటీసు తప్పనిసరి కాదు, కానీ ఇవ్వడమే మేలు. జవాబు వస్తే అందులో యజమాని ఏదో ఒకటి ఒప్పుకుంటాడు. రాకపోతే మౌనం మీకు అనుకూలమైన సాక్ష్యం అవుతుంది. లాయరు భాష అవసరం లేదు. ఈ మాత్రం చాలు:

"నేను మీ సంస్థలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ప్యాకింగ్ విభాగంలో, నెలకు ఇన్ని రూపాయల జీతంపై పనిచేశాను. ఫలానా మూడు నెలల జీతం ఇన్ని రూపాయలు, జతచేసిన పట్టిక ప్రకారం ఇన్ని అదనపు గంటలకు ఓటీ ఇన్ని రూపాయలు, మొత్తం ఇన్ని రూపాయలు నాకు చెల్లించవలసి ఉంది. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా పై మొత్తాన్ని నా బ్యాంకు ఖాతాలో జమచేయవలసిందిగా కోరుతున్నాను. చెల్లించని పక్షంలో వేతనాల కోడ్, 2019లోని 45వ సెక్షన్ కింద అధికారిని ఆశ్రయిస్తాను."

కోపం, తిట్లు, బెదిరింపులు ఇందులో ఉండకూడదు. రేపు ఇదే కాగితం అధికారి ముందుకు వస్తుంది. పోస్టులో పంపి, అందినట్టు రుజువు తీసుకోండి. 2025 సెప్టెంబరు 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి, కౌంటర్‌లో అందినట్టు రుజువు ఇచ్చే సదుపాయం కావాలని విడిగా అడగాలి. ఇదే ఉత్తరాన్ని పీడీఎఫ్ చేసి మెయిల్‌కు, వాట్సాప్‌కు కూడా పంపండి. యజమాని తలుపు వేసుకుని ఉత్తరం తీసుకోకపోతే కవరు వెనక్కి వస్తుంది. దాన్ని చించకుండా అలాగే దాచండి.

ఐదో మెట్టు: కార్మిక శాఖలో అర్జీ

ఉత్తరంలో ఇచ్చిన 15 రోజుల గడువు ముగిశాక లేబర్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. ఇవి లేకుండా ఇచ్చిన అర్జీ ఇవ్వనట్టే. సాధారణంగా అధికారి ఇద్దరినీ పిలిచి మాట్లాడిస్తారు. చిన్న సంస్థల విషయంలో సగానికి సగం బకాయిలు ఈ గదిలోనే తేలిపోతాయని నా అభిప్రాయం, ఎందుకంటే యజమానికి భయం బకాయి గురించి కాదు, రిజిస్టర్లు చూపమంటారేమోనన్న దాని గురించి.

రాజీకి ఒప్పుకోవడం తప్పు కాదు. లక్ష రావలసిన చోట ఎనభై వేలు ఈరోజే చేతికొస్తే, ఇంటి అద్దె కట్టవలసిన మనిషికి అదే మంచి బేరం కావచ్చు. కానీ వాయిదాలకు ఒప్పుకుంటే తేదీలు, మొత్తాలు, చెల్లించకపోతే పూర్తి బకాయి తిరిగి అడుగుతానన్న మాట రాతలో ఉండాలి, అధికారి ముందు సంతకాలు జరగాలి. "కేసు వెనక్కి తీసుకో, సాయంత్రం ఇంటికి వచ్చి ఇస్తాను" అన్న బేరం ఎప్పుడూ వద్దు.

పోలీస్ స్టేషన్‌కు వెళ్లమని సలహా ఇచ్చేవారు చాలామంది ఉంటారు. కొట్టినా, నిర్బంధించినా, సర్టిఫికెట్లు లాక్కున్నా, ఇచ్చిన చెక్కు బౌన్సైనా అది వేరు దారి. జీతం వసూలు చేసిపెట్టడం మాత్రం పోలీసుల పని కాదు. అక్కడ జరిగే పంచాయితీ ఎటువైపు మొగ్గుతుందో నేను చెప్పనక్కర్లేదు.

ఆరో మెట్టు: 45వ సెక్షన్ కింద క్లెయిమ్

మాటలతో తేలకపోతే అసలు కేసు ఇది. ప్రభుత్వం నియమించిన గెజిటెడ్ అధికారి దీన్ని విచారిస్తారు. సాక్షులను పిలిపించడానికి, రిజిస్టర్లు తెప్పించడానికి ఆయనకు సివిల్ కోర్టుకున్న అధికారాలుంటాయి. క్లెయిమ్‌ను మీరే వేయవచ్చు, మీరు సభ్యులుగా ఉన్న రిజిస్టర్డ్ యూనియన్ వేయవచ్చు, కార్మిక శాఖ ఇన్‌స్పెక్టర్ కూడా వేయవచ్చు. ఒకే సంస్థలో ఎంతమందికి బకాయి ఉన్నా అందరి తరఫున ఒకే దరఖాస్తు సరిపోతుంది. ఒక్కరే వేస్తే "వీడికి మా మీద కక్ష" అంటారు, పన్నెండు మంది వేస్తే అలా అనడం కష్టం. కాబట్టి కుదిరితే కలిసి వేయండి. అయితే ప్రతి ఒక్కరి లెక్క పట్టిక విడివిడిగా ఉండాలి.

గడువు మూడేళ్లు, అదీ ప్రతి నెల బకాయికి విడిగా లెక్క. పాత చట్టాల కింద ఈ గడువు ఒకదానిలో 12 నెలలు, మరోదానిలో 6 నెలలే. అందువల్ల మీ బకాయిలో 2025 నవంబరు 21కి ముందు నెలలు కూడా ఉంటే వాటిని పట్టికలో వేరుగా చూపి, ఆలస్యానికి కారణం వివరిస్తూ మన్నింపు కోరే దరఖాస్తును జతచేయండి. యజమాని ఇస్తాను ఇస్తానంటూ పంపిన సందేశాలు ఆ కారణానికి చక్కని ఆధారం.

అధికారి బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం కూడా ఇప్పించవచ్చు. పది రెట్లు అన్న మాట విని ఆశపడకండి. అది గరిష్ఠ పరిమితి, ఆయన విచక్షణ. కానీ పరిహారం కోరుతున్నానని దరఖాస్తులో రాయకపోతే అదీ రాదు. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని కోడ్ చెబుతోంది. వాయిదాలకు సిద్ధపడి వెళ్లండి. మీరు ఒక్క వాయిదాకు రాకపోయినా కేసు కొట్టేసే వీలుంది, కాబట్టి రాలేని రోజు ముందుగానే కాగితం పెట్టండి.

లాయరు లేకుండానే ఇది నడపవచ్చు. కావాలనుకుంటే ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 1987 నాటి చట్టం ప్రకారం మహిళలకు, ఎస్సీ, ఎస్టీ వర్గాల వారికి, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చూపుతారు.

తీర్పు నచ్చకపోతే 90 రోజుల్లో అప్పీలు వేయవచ్చు. ఇక తక్కువ చెల్లించిన యజమానికి 50,000 రూపాయల దాకా జరిమానా, ఐదేళ్లలో మళ్లీ అదే తప్పు చేస్తే మూడు నెలల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడవచ్చు. ఆ జరిమానా ప్రభుత్వానికి పోతుంది, మీ జేబులోకి రాదు. కాబట్టి శిక్ష కోసం పట్టుబట్టడం కన్నా బకాయి మీద దృష్టి పెట్టండి.

దారి మారే సందర్భాలు

కేసు వేశారన్న కోపంతో పనిలోంచి తీసేస్తే అది వేరే వివాదం. పారిశ్రామిక సంబంధాల కోడ్ కింద రాజీ అధికారి ముందు, రెండేళ్ల లోపు, విడిగా దరఖాస్తు చేయాలి. జీతం క్లెయిమ్‌లోనే దాన్ని కలిపేస్తే రెండూ చెడతాయి.

కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్తే అప్పటిదాకా నడుస్తున్న వసూలు ఆగిపోతుంది. పత్రికలో ప్రకటన రాగానే, అందులో చెప్పిన రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు (దివాలా ప్రక్రియను నడిపే వ్యక్తికి) ఉద్యోగుల కోసం ఉద్దేశించిన ఫారం డి నింపి, రుజువులతో పంపండి. సంస్థ ఆస్తులు అమ్మితే కార్మికుల గత 24 నెలల బకాయిలు బ్యాంకుల వంటి తాకట్టు రుణదాతలతో సమాన స్థాయిలో నిలుస్తాయి. ప్రకటన చూడక ఫారం వేయని కార్మికుడు ఆ వరుసలోనే ఉండడు.

ఇటుక బట్టీల్లో, చేపల చెరువుల దగ్గర అడ్వాన్సు ఇచ్చి, అది తీరేదాకా కదలనివ్వకపోతే అది జీతం బకాయి కాదు, 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వచ్చే నేరం. అక్కడ లేబర్ ఆఫీసుకు కాకుండా నేరుగా ఆర్డీవోకు, కలెక్టరుకు ఫిర్యాదు వెళ్లాలి. ఆ అడ్వాన్సు అప్పు కూడా చట్టం దృష్టిలో రద్దయినట్టే.

గల్ఫ్‌లో ఉన్నవారు అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవలసింది, తిరిగి విమానం ఎక్కకముందే అక్కడి కార్మిక శాఖలో ఫిర్యాదు నమోదు చేయించడం. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వెళ్లినవారిలో 2020 కరోనా కాలంలో బకాయిలు వదులుకుని వచ్చినవారు ఎందరో ఉన్నారు. ఇక్కడికి వచ్చాక ఇక్కడి లేబర్ ఆఫీసు అక్కడి కంపెనీని పిలిపించలేదు. ఉండలేని పరిస్థితి అయితే భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీని నమ్మకమైన మనిషి పేర రాసి రండి. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. "బాకీ ఏమీ లేదు" అని అరబిక్‌లో రాసిన కాగితం మీద, టికెట్టు ఇస్తారన్న ఆశతో, సంతకం చేయకండి.

చివరి మెట్టు: ఉత్తర్వును డబ్బుగా మార్చడం

ఉత్తర్వు వచ్చిన రోజున చాలామంది కేసు అయిపోయిందనుకుంటారు. యజమాని చెల్లించకపోతే అధికారి కలెక్టరుకు వసూలు ధ్రువపత్రం పంపుతారు; ఆ మొత్తాన్ని భూమి శిస్తు బకాయి మాదిరిగా వసూలు చేయాలి. రెవెన్యూ కార్యాలయాల్లో "ఆర్ఆర్ యాక్ట్" అని పిలిచే 1864 నాటి చట్టం ప్రకారం చరాస్తులు, స్థిరాస్తులు జప్తు చేసే వీలుంది. అయితే తహసీల్దారు బల్ల మీద అలాంటి ఫైళ్లు గుట్టగా ఉంటాయి. మీ ఫైలు కదలాలంటే జప్తు చేయదగిన ఆస్తి ఎక్కడుందో మీరే చెప్పాలి. జీతం ఏ బ్యాంకు ఖాతా నుంచి పడేది, యజమాని పేరున భవనం ఏ సర్వే నంబరులో ఉంది, సంస్థ వాహనాల నంబర్లేమిటి, సంస్థకు బిల్లులు చెల్లించే పెద్ద కస్టమర్ ఎవరు అన్న వివరాలు ఒక కాగితం మీద రాసి ధ్రువపత్రం నంబరుతో జతచేయండి. సోమవారం ప్రజావాణిలోనో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే కలెక్టరేట్‌లో అదే రోజు జరిగే ఫిర్యాదుల కార్యక్రమంలోనో ఆ నంబరు చెప్పి అడుగుతూ ఉండండి.

డబ్బు ఖాతాలో పడ్డాక రసీదు అడుగుతారు. పడిన మొత్తమెంత, ఏ నెలలకు, ఏ తేదీన అన్నది రాసి సంతకం చేయండి. పీఎఫ్ వాటా కట్టకుండా ఉంటే "ఇక ఏ బాకీ లేదు" అన్న వాక్యాన్ని కొట్టేసి, "పీఎఫ్ బకాయి మినహా" అని రాసిన తర్వాతే కాగితం తిరిగి ఇవ్వండి.